చెంగాలి కోయు వేళ

మన తెలుగున గడ్డి యను మాట మిక్కిలి ఉదారమైనది. చెఱువుగట్టున మంచు తడిసి మెఱయు గరికయు గడ్డియే. నూర్పిడి యైన పిమ్మట కల్లమున మిగిలిన వరికాడయు గడ్డియే. పైరునకు పోటీగా మొలచి రైతుచేత తిట్లు తిను ఊదయు గడ్డియే. ఈ యౌదార్యమువలన ఒక నష్టమును కలిగినది. పూత తొంగిచూచు వేళ కోసి, పచ్చదనము చెడకుండ రెండు మూడు దినములు ఎండనిచ్చి, వామి వేసి దాచిన బీటిగడ్డికిని, గింజను మనము తీసికొనగా మిగిలిన వరిగడ్డికిని గల భేదమును తెలుపు మాట వాడుకలో నిలువకపోవుటచే, ఆ భేదమే మన తలపులనుండి తొలగిపోయినది. నేడు నెల్లూరు సీమలో ఎండుగడ్డి యన్నచో వరిగడ్డియే. కాని వీనిలో మొదటిది పంట. రెండవది పంట పోయిన పిమ్మట మిగిలిన కాడ. ఈ యధ్యాయమున మనము మాటలాడుకొనునది ఆ మొదటిదానిని గూర్చి.

నెల్లూరు తీరపు ఋతుక్రమము తక్కిన తెలుగునాటి ఋతుక్రమమువంటిది కాదు. శ్రావణ భాద్రపదములలో గోదావరి మండలములు వానలో నానుచుండగా ఇచట అప్పుడప్పుడు జల్లులు మాత్రమే పడును. సాలీనా వేయి మిల్లీమీటర్లకు కొంచెము పైబడు వర్షపాతములో సగమునకు మించిన భాగము ఆశ్వయుజము మొదలు మార్గశిరము వఱకు, ఈశాన్య ఋతుపవనములవలనను, బంగాళాఖాతమున పుట్టు వాయుగుండములవలనను, కొలది వారములలోనే కురిసిపోవును. ఇట్లు వాన ఆలస్యముగా వచ్చి త్వరగా వెడలిపోవుటను రైతు శాపముగా నెంచుట సహజమే. కాని పచ్చికబయలు దృష్టితో చూచినచో ఇదియొక వరము. నైరృతి వానలను నమ్ముకొన్న సీమలలో గడ్డి ముదురు వేళకు ఆకాశమింకను చినుకులు రాల్చుచునే యుండును. కోసినచో కుళ్ళును, కోయకున్న పుల్లయగును. నెల్లూరు రైతునకు ఆ సంకటము లేదు. పుష్యమాసమున ఉదయము మంచు, ప్రొద్దెక్కిన పిమ్మట నిర్మలమైన ఎండ, చేలలో నాట్లు ముగిసి కోతలింకను రాని కొంత తీరిక, ఇన్నియు ఒక్కచో కూడివచ్చును. గడ్డి ఎండబెట్టుటకు ఇంతకంటె అనువైన నెల వెదకినను దొరకదు. ఐతే తొందరపడి కార్తికమున కొడవలి పట్టరాదు. 1984లో శ్రీహరికోట చెంత తీరము దాటిన తుపానును, 1989లో కావలిని చెండాడిన తుపానును రెండును నవంబరు మాసమున వచ్చినవే యను సంగతి ఇచటి వారెవ్వరును మఱువలేదు.

ఈ బయళ్ళయందు ఏ గడ్డి యుండెడిదో తెలిసికొనుటకు మనకొక మంచి గ్రంథము కలదు. కోయంబత్తూరు వ్యవసాయ కళాశాలలో వృక్షశాస్త్రము బోధించిన రంగాచార్యులవారు 1921లో దక్షిణ హిందూదేశపు తృణజాతులను గూర్చి ఆంగ్లమున రచించిన చేతిపుస్తకము నేటికిని కాలము చెల్లనిది. రేగడి భూములలో, కొంచెము పల్లపు తావులలో, సన్నని కాడలతో గుబురుగా పెరిగి, పక్వమగు వేళ ఎఱ్ఱబారు పడవవంటి చిన్న తొడుగులలో పూతను దాచుకొను చెంగాలిగడ్డి, శాస్త్రజ్ఞులు ఐసీలీమా లాక్సమ్ అను పేరిట పిలుచునది, ఈ సీమకు పెట్టినది పేరు. దానికి తోడు ఎఱ్ఱనేలలయందును మెట్టలయందును నెండ్రగడ్డి. దాని శాస్త్రనామము సీహిమా నెర్వోసమ్. భారతదేశపు పచ్చికబయళ్ళను 1973లో అయిదు వర్గములుగా విభజించిన దబడ్ఘావు, శంకరనారాయణులు ద్వీపకల్పమునందలి విశాలభాగమునకు పెట్టిన వర్గనామమున మొదటి పదము ఈ సీహిమాయే.

ఒంగోలు జాతి ఎద్దు మూపురమును, గంగడోలును, వెండివంటి తెలుపును చూచి ముచ్చటపడువారు పెక్కురు. ఆ యెముకను, ఆ కండను కట్టిన గడ్డిని తలచువారు అరుదు. ఒంగోలు తాలూకా 1904లో గుంటూరు జిల్లా యేర్పడు వఱకు నెల్లూరు జిల్లాలోనిదే యగుటచే పందొమ్మిదవ శతాబ్దమున సముద్రము దాటిన ఈ పశువులకు నెల్లూరు పేరే నిలిచినది; బ్రెజిల్ దేశమున నేడు కోట్లకొలది మేయుచున్న తెల్లని పశుజాతిని అచటివారు నెలోరే యందురు. అవి మేయునది ఆఫ్రికానుండి తెచ్చి నాటిన బ్రాకియేరియా గడ్డి. నెల్లూరు పేరు, ఆఫ్రికా గడ్డి, అమెరికా నేల: పశువు పయనించినంత సులభముగా చెంగాలి పయనింపలేదు.

ఇక అసలు విషయమునకు వత్తము. గడ్డిని ఎప్పుడు కోయవలెను? ఈ యొక్క ప్రశ్నకు సరియైన సమాధానము తెలిసినచో మేతయొక్క మంచి చెడ్డలును, కలుపుయొక్క జయాపజయములును సగము తెలిసినట్లే యని నా నమ్మకము.

తృణజాతి మొక్కకు ప్రకృతి యొసగిన విశేషమొకటి కలదు. చామంతివంటి మొక్కకు ఎదుగుదల కొననుండి. కొనను త్రుంచితిమా, మొక్క మఱల ప్రక్కమొగ్గలను లేపుకొని తెప్పరిల్లవలెను. గడ్డికి అట్లు కాదు. దాని ఎదుగుచోటు కుదుటియొద్ద, నేలను కఱచుకొని, ఆకు మొదళ్ళలో దాగియుండును. పశువు నోరు గాని కొడవలి గాని పైభాగమును కొనిపోయినను క్రిందినుండి ఆకు మఱల తోసికొని వచ్చును. లక్షలాది సంవత్సరములు పశువుల నోళ్ళ క్రింద బ్రదికిన జాతి నేర్చిన విద్య యిది. కాని ఈ విద్యకును ఒక ఖరీదు కలదు. క్రొత్త ఆకు వేయుటకు వలయు పెట్టుబడి వేళ్ళలోను కుదుళ్ళలోను నిలువయున్న పిండిపదార్థమునుండి రావలెను. ఆకు పెరిగి ఎండను పట్టి ఆ ఋణమును తీర్చువఱకు మొక్కకు ఊపిరి సలుపదు. ఋణము తీరకమునుపే మఱల మేపినచో, అప్పుమీద అప్పు చేసిన సంసారమువలె, కుదురు క్షీణించి చచ్చును. నేలను గీకి కోయుటయు అట్టిదే. కొడవలి నేలనుండి నాలుగు వ్రేళ్ళ యెత్తున నడచినచో కుదురు బ్రదుకును. మోపునకు పిడికెడు గడ్డి ఎక్కువ వచ్చునని మొదలంట కోయువాడు రాబోవు యేటి మోపును ఈ యేడే కోసికొనుచున్నాడు.

పూతకు ముందు గడ్డియందు ఆకు ఎక్కువ, కాడ తక్కువ. మాంసకృత్తులు నూటికి ఎనిమిది మొదలు పండ్రెండు పాళ్ళ వఱకు ఉండవచ్చును. పూత వచ్చి గింజ పట్టినకొలది మొక్క తన సారమునంతయు గింజకు తరలించి, కాడను నిలబెట్టుటకు కొయ్యవంటి లిగ్నిన్ అను పదార్థమును చేర్చుకొనును. గింజ రాలిన గడ్డిలో మాంసకృత్తులు మూడు నాలుగు పాళ్ళకు దిగిపోవును. వరిగడ్డి సంగతియు సరిగా అంతే. పశువు పెద్దకడుపులో నివసించు సూక్ష్మజీవులకు తమ పని తాము చేసికొనుటకు మేతలో ఇంచుమించు ఏడుపాళ్ళ మాంసకృత్తులైన నుండవలెను. అంతకు తగ్గినచో అవి మందగించును, మేత కడుపులో నిలిచిపోవును, కడుపు నిండియే పశువు చిక్కిపోవును. వేసవిలో వామిప్రక్కనే కట్టివేయబడి, ఎదుట గడ్డి యుండియు ప్రక్కటెముకలు లెక్కబెట్టుకొనునట్లున్న పశువును చూచి, తిండి దండుగయని విసుగుకొను యజమాని ఈ లెక్కను ఎఱుగడు. ఇది చాలదన్నట్లు వరిగడ్డిలోని ఆక్సలేటులు మేతయందలి సున్నమును పట్టి పశువునకు అందకుండ చేయును.

అటులని మరీ లేతగా కోసినను లాభము లేదు: రుచి ఉండును గాని రాశి యుండదు. పూగుత్తి తొడుగులోనుండి తొంగిచూచుట మొదలిడిన దినమునకును, పొలములో సగము కాడలు పూత పట్టిన దినమునకును నడుమ పది పదునైదు దినముల వ్యవధి యుండును. రాశియు రుచియు ఒకదానినొకటి కలిసికొను సంధికాలమది. చెంగాలి పడవతొడుగులు ఎఱ్ఱబారుట ఆరంభించినవా, ఇక పంచాంగము చూడ బనిలేదు.

కోసిన గడ్డి ఎండుట కేవలము తడి ఆఱుట యని తలంపరాదు. కోసిన పిమ్మటను ఆకులు కొన్ని గంటలు బ్రదికియే యుండును, ఊపిరి పీల్చుచుండును, తమ చక్కెరను తామే కాల్చుకొనుచుండును. ఎంత త్వరగా వాడిన అంత సారము మిగులును. పచ్చిగడ్డిలో నూటికి డెబ్బదియైదు పాళ్ళు నీరే యనుకొన్నచో, దానిని పదునైదు పాళ్ళకు దించినగాని వామి క్షేమముగా నుండదు. లెక్కకట్టి చూచినచో నూఱు కిలోల పచ్చిగడ్డినుండి మనకు వచ్చునది ఇరువదితొమ్మిది కిలోలు మాత్రమే, తక్కిన డెబ్బదియొక్క కిలోల నీటిని ఎండయు గాలియు మోసికొనిపోవలెను. కావున మంచు ఆఱిన పిమ్మట, ఎనిమిది తొమ్మిది గంటలకు కోత మొదలిడి, కోసినదానిని పలుచగా పఱచి, మధ్యాహ్నము ఒకసారి తిరుగవేసి, సాయంకాలము మంచు దిగకమునుపే చిన్న చిన్న కుప్పలుగా చేర్చి, మఱునాడు మఱల విప్పుట మేలు. అట్లుగాక నాలుగైదు దినములు కట్టెగట్టువఱకు ఎండలో విడిచినచో పచ్చదనముతో పాటు పశువు దేహమున ఏ-విటమిను అగు కెరోటీనును ఎగిరిపోవును. పిల్లిపెసర, జనుమువంటి జాతులైనచో ఆకంతయు నలిగి పొడియై నేలపాలగును, మనకు మిగులునది కాడ.

తడియుండగనే వామి వేసిన గడ్డి ఏమగునో పల్లెవారికి నేను చెప్పవలసిన పనిలేదు. బూజు పట్టును, సూక్ష్మజీవుల యూపిరిచేత లోపల వేడి పుట్టును, ఆ వేడి బయటికి పోవు త్రోవ లేక పేరుకొని, డెబ్బది డిగ్రీలు దాటినచో, నిప్పు పెట్టువాడెవ్వడును లేకయే వామి తనంతట తానే అంటుకొనవచ్చును. వామి వేసిన మొదటి వారమున లోనికి చేయి దూర్చి చూచుట, లేదా ఒక ఇనుపచువ్వను గ్రుచ్చి కొంతసేపటికి తీసి ముట్టిచూచుట, ఉష్ణమాపకము లేనివాని శాస్త్రము. చువ్వ పట్టుకొనరానంత వేడిగా నున్నచో సంకోచింపక వామిని విప్పవలెను. శ్రమ పోయిన పోనిండు, గడ్డి దక్కును, దొడ్డి దక్కును.

ఇంతవఱకు మేత మాట. కలుపు మాటకు వచ్చినచో, దానిని బయటినుండి వచ్చిన శత్రువుగా భావించి గొడ్డలితోను మందుతోను యుద్ధమునకు దిగుట మన యలవాటు. నా యెఱిగినంతలో పచ్చికబయటిలో కలుపు చాలవఱకు యజమానియొక్క పూర్వకర్మ. కుదుళ్ళ నడుమ నేల బయటపడినప్పుడే దాని విత్తునకు తావు దొరకును; నేల బయటపడుట అతిగా మేపుటచే గాని, మొదలంట కోయుటచే గాని, వేసవిలో నిప్పు పెట్టుటచే గాని కలుగును. గడ్డి చిక్కగానున్న చోట వయ్యారిభామ మొలచుటకు జంకును. 1955 ప్రాంతమున పుణెలో మొదట కనబడి, నలువది యేండ్లు గడవకమునుపే మన గట్లనన్నిటిని ఆక్రమించిన ఈ మొక్కను పశువు ముట్టదు; ముట్టినను పాలు చేదెక్కును; చేతులతో పెఱుకువారికి దురద, ఉబ్బసము. దీనిని తిను పెంకుపురుగు నొకదానిని మెక్సికోనుండి తెచ్చి 1984లో బెంగుళూరున విడిచిరి. వానకాలమున అది ఆకులను జల్లెడచేయుట నిజమే గాని, ఎండకాలమున నేలలో నిద్రించు పురుగుమీద మన భారమంతయు వేయరాదు. పూత రాకమునుపు కోయుటయే మొదటి మందు.

ఇందులకే కొడవలి వేళ ముఖ్యమంటిని. కొననుండి ఎదుగు వెడల్పాకు కలుపులను కోత కుంగదీయును, కుదుటినుండి ఎదుగు గడ్డిని కుంగదీయదు. కలుపు విత్తు కట్టకమునుపు కొడవలి పడినచో ఆ యేటి విత్తనపు పంట నేలకు చేరదు. ఒక్క కోతతో రెండు కార్యములు. ఐనను అన్ని కలుపులును ఈ న్యాయమునకు లోబడవు. పల్లేరు నేలను కఱచుకొని ప్రాకునది గాన కొడవలి దానిపైగా పోవును. తుంగ గడ్డలు నేలలోపల నిశ్చింతగా నుండును. ఆ రెంటికిని గడ్డి నీడయే మందు.

కలుపునకును మేతకును నడుమనున్న గోడ ఎంత పలుచనో తెలుపుటకు ఈటెముల్లు గడ్డికంటె మంచి యుదాహరణము లేదు. హెటెరోపోగాన్ కాంటార్టస్ అను ఈ గడ్డి లేతనాట పశువులకు ప్రీతికరమే. గింజ కట్టినదా, ప్రతి గింజకును అడుగున సూదివంటి మొన, పైన త్రాడువలె మెలివడిన పొడవాటి ముల్లు ఏర్పడును. గాలిలో తేమ హెచ్చినప్పుడు ఆ మెలి విడును, తగ్గినప్పుడు మఱల మెలివడును. ఈ మెలికల తిరుగుడుచే గింజ తిరుగుడుమేకువలె తనంతట తాను నేలలో దిగబడును. ఇట్టి గింజల యీ యంత్రరహస్యమును చార్లెస్ డార్విన్ కుమారుడు ఫ్రాన్సిస్ డార్విన్ 1876లో వివరించెను. నేలలో దిగబడు ఆ మొనయే గొఱ్ఱె చర్మములోను, దూడ నోటిలోను దిగబడును. గింజకు ముందు కోసినచో మేత, మూడు వారములు ఆలస్యమైనచో ముల్లు: గడ్డి ఒక్కటే. వేసవి నిప్పు తక్కిన మెత్తని గడ్డులను అణచి దీనికి త్రోవ యిచ్చును గాన, నల్లబడిన నేలమీద లేత చిగురు వచ్చునను ఆశతో బీటికి నిప్పు పెట్టువారు తామే తమ మందకు ముండ్లు విత్తుచున్నారు.

సర్కారు తుమ్మ సంగతి వేఱు. దానికి కొడవలి చాలదు. 1870 దశకమున జమైకానుండి విత్తనము తెప్పించి కడప జిల్లా కమలాపురము చెంత నాటించిన మదరాసు అడవిశాఖవారికి దురుద్దేశమేమియు లేదు. వంటచెఱకునకు కరవుండెను, నేలలు ఎండియుండెను. అది నేడు పెన్న గట్లనుండి పులికాట్ అంచుల వఱకు, బకింగుహాము కాలువ వెంట, పాడుపడిన రొయ్యలచెఱువుల గట్లపైన, ఎచట మంచినీరు చాలక తక్కినవి వెనుదీయునో అచట పెరిగినది. దాని కాయ తియ్యనిది. పశువులు ఇష్టముగా తినును. గట్టి తొడుగుగల విత్తు కడుపులో చెడక, పేడతో కలిసి, ఎరువుతో సహా, క్రొత్త బీటిలో పడును. కాయలను పొడిగొట్టించి పెట్టినచో మేతయగును, అట్లే తిననిచ్చినచో విత్తుడగును. బొగ్గుబట్టీలవారు నేలమట్టముగా నఱికి పోవుదురు. ఒక్క మ్రానున్న చోట పది చిగుళ్ళు లేచును, ఏలనన చిగురుమొగ్గలు నేలకు కొంచెము క్రిందనే యుండును. జానెడు లోతు త్రవ్వి ఆ కుదుటికి దిగువను నఱికినగాని అది చావదు. ఇంతకంటె సులభమైన పని, మార్గశిరమున నేల మెత్తగానున్నప్పుడు, జానెడెత్తు మొక్కలను బాలురచేత పెఱికించుట. నఱికి పెఱికిన చోట గడ్డి వేయకున్నచో మాత్రము మూడేండ్లలో అంతయు మొదటికి వచ్చును.

సముద్రపుటిసుకమీద ముండ్లబంతులుగా దొర్లు రావణాసురుని మీసమును చూచి ఇదియు కలుపే యని త్రవ్వువారున్నారు. దానిని ముట్టరాదు. ఇసుకను కదలనీయక పట్టియుంచునది అదియే.

నెల్లూరు సీమలో మేతకై విడిచిన బీళ్ళను కంచ యనుట పూర్వమునుండి కలదు. కంచ యనగా చుట్టును కంప నాటిన తావు మాత్రమే కాదు. కొన్ని నెలలు పశువును రానీయక మూసి, కొన్ని నెలలు విడుచు కట్టుబాటునకును అదియే పేరు. వానకాలమున మూసిన కంచలో గడ్డి పెరిగి, పుష్యమున కోతకు వచ్చి, కోసిన మోడుమీద మాఘఫాల్గుణములలో మంద తిరుగును. కంప నేటికిని కొన్నిచోట్ల కలదు, కట్టుబాటే సడలినది. సోమశిల నీరు వచ్చిన చోట మాగాణి పెరిగినది, తీరమున రొయ్యల చెఱువులు పెరిగినవి, మిగిలిన పోరంబోకుమీద మునుపటి పశువులన్నియు సంవత్సరము పొడవునను పడుచున్నవి. కంచను నాలుగు మళ్ళుగా విభజించి, యేటికొక మడిని పూర్తిగా విశ్రాంతికి విడుచుట కష్టమైన పని కాదు. నలుగురు ఒక్క మాటమీద నిలుచుట మాత్రము కష్టమే.

గొఱ్ఱెల సాయమును తక్కువగా చూడరాదు. పొడవైన కాళ్ళతో, ఉన్ని లేని నున్నని వెండ్రుకతో, దేశమునందలి గొఱ్ఱెలన్నిటిలో ఎత్తైన నెల్లూరు గొఱ్ఱె మూడు రూపముల కనబడును: తెల్లనిది పల్ల, మూతియు కన్నులచుట్టును నల్లమచ్చలు గలది జోడిపి, ఎఱ్ఱనిది దొర. ఆవు విడిచిన వెడల్పాకు మొక్కలను గొఱ్ఱె కొఱుకును, గొఱ్ఱె విడిచిన పొదలను మేక కొఱుకును. ఆవుల వెంట కొలది గొఱ్ఱెలను త్రిప్పినచో కలుపుతీతకు కూలి లేదు. రాత్రి అచటనే మంద కట్టినచో ఎరువునకును కొనుగోలు లేదు.

ఎరువనగానే యూరియా బస్తా తలపునకు వచ్చును. ఇంగ్లండునందలి రోథామ్‌స్టెడ్‌లో 1856లో లాస్, గిల్బర్టులు ఒక పచ్చికబయలును మళ్ళుగా విభజించి వేఱువేఱు ఎరువులు వేయ మొదలిడిరి. ఆ ప్రయోగము నేటికిని సాగుచున్నది. ఎరువే యెఱుగని మళ్ళలో నలుబదికి దగ్గఱగా తృణగుల్మజాతులు కలిసి బ్రదుకుచుండగా, అమ్మోనియా ఎరువును మాత్రమే ఎడతెగక వేసిన మడిలో, సున్నము లేక పులిసిన నేలమీద, రెండు మూడు జాతులు మిగిలినవి. కుటుంబము చిన్నదైనది. మన బీళ్ళకు ఇంతకంటె మెత్తని త్రోవ కలదు: గాలిలోని నత్రజనిని వేళ్ళబుడిపెలలో పట్టు జాతిని గడ్డితో కలుపుట. స్టైలో విత్తనమును, దాని తొడుగు గట్టిది గాన, పొగలు చిమ్ము వేడినీటిలో కొలది నిమిషములుంచి తీసి, తొలి వానలకు కంచలో చల్లినచో చెంగాలితో పొత్తు కుదురును. మాగాణి రైతునకు వరికోతకు ముందు తడినేలలో చల్లు పిల్లిపెసరయు జనుమును ఎప్పటినుండియో తెలిసినవే. వాని యెండుటాకులను వరిగడ్డితో వరుసలు వరుసలుగా వామి వేసినచో, ముందు చెప్పిన ఏడుపాళ్ళ లెక్క చాలవఱకు సరిపోవును.

ఇక ఒక చిన్న సంగతి మిగిలినది. ప్రతి యేడును పూతవేళనే కోసినచో, విత్తు రాలనేరక, ముసలి కుదుళ్ళు చచ్చిన తావు లేత మొలకలచే నిండదు. కావున కోతకు దిగునప్పుడే మడి నడుమ పదిబారల వెడల్పున ఒక పట్టెను కోయక విడువవలెను. చెంగాలి అందు పూర్తిగా పండి, తన గింజను తానే రాల్చుకొనును. మఱుసటి యేడు పట్టె దాని ప్రక్కకు జరుగును. ఏ యేడు ఎచట విడిచిరో మఱువకుండుటకు పట్టె కొసన ఒక తాటిమట్ట పాతిన చాలును. ఆ మట్ట యేటేట పదిబారలు నడచుచు కంచ నాకొసనుండి యీకొసకు వచ్చునప్పటికి, మొదటి పట్టెలో మొలచిన కుదుళ్ళు పలుమాఱులు కొడవలిని చూచియుండును.